నడుమల ఇరికియ్యరాదు

ఆమె పోయిన సంగతి నాకు షిఫ్టు బస్సులో తెలిసింది. పటాన్‌చెరు దాటాక నా వెనక సీట్లో ఇద్దరు మాట్లాడుకుంటున్నారు.

"టైం ఆఫీసక్క లేదా, రుద్రారమామె, ఆమె సచ్చిపోయిందంట" అన్నాడొకడు.

"ఆమె ఎన్నడో మానేసిపోయె గదా" అన్నాడు రెండోవాడు.

అంతే. తరువాత ఇద్దరూ క్రికెట్‌లో పడ్డారు. వాళ్ళ తప్పేమీ లేదు, ఇద్దరూ కొత్తగా చేరినవాళ్ళు. కానీ పోయిందన్న మాట కన్నా మానేసిందన్న మాటే నాకు ఎక్కువ నొప్పి పెట్టింది. ఆమె మానెయ్యలేదు. ఆ సంగతి తెలిసినవాళ్ళు ఇప్పుడు ఫ్యాక్టరీలో పెద్దగా లేరు. తెలిసినవాళ్ళకు చెప్పే ఓపిక లేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

మాది కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. మా నాన్న ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఫిట్టరు. నాకు అంత పెద్ద అదృష్టం లేక, మందుల ముడిసరుకు చేసే ఒక ప్రైవేటు ఫ్యాక్టరీలో టైం ఆఫీసు గుమాస్తాగా చేరాను. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఎవరు సెలవులో ఉన్నారు అన్నది చూసే చోటది. నేను చేరేనాటికే ఆమె అక్కడుంది. భర్త అదే ఫ్యాక్టరీలో రియాక్టరు దగ్గర పనిచేస్తూ ప్రమాదంలో పోతే, ఆమెకు ఆ ఉద్యోగం ఇచ్చారు.

పొట్టిగా, గట్టిగా ఉండేది. భర్త గడియారం ఎడమచేతికి పెట్టుకునేది. అది ఆమెకు వదులు. మాట్లాడుతూ మాట్లాడుతూ దాన్ని మోచేతి దాకా తోసేది. అది జారేది, మళ్ళీ తోసేది. కోపం వస్తే తొయ్యడం ఎక్కువయ్యేది. ఎవరైనా సెలవు అడగడానికి వస్తే ముందు మా వంక చూసేవాళ్ళు, గడియారం ఎక్కడుందో కళ్ళతోనే చెప్పేవాళ్ళం. మోచేతి దగ్గరుంటే రేపు రమ్మని అర్థం.

దేనికైనా వరస ఉండాలి ఆమెకు. ఆఫీసులో టీ పెట్టే మనిషి నీళ్ళు మరగకముందే పాలు పోస్తే ఆ టీ ముట్టేది కాదు. "నీళ్ళు మరగాలె. ఎనక ఆకు. ఎనక పాలు. గింతదానికి గడబిడెందుకు నీకు?" అనేది. రుద్రారం బస్టాపులో కాలేజీ కుర్రాళ్ళు దిగేవాళ్ళను దిగనివ్వకుండా తోసుకుని ఎక్కుతుంటే, మెట్టు మీద రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడేది. "ఆగున్రి నాయనా. దిగేటోళ్ళు దిగాలె, ఎనక ఎక్కేటోళ్ళు ఎక్కాలె. ఈ సదువు మీ కాలేజీల లేదా?" కండక్టరు ఏమీ అనేవాడు కాదు. వాడికీ ఒకసారి చిల్లర ముందా టికెట్టు ముందా అన్న విషయంలో పాఠం అయింది.

భర్త చావు వల్లే ఆమె ఇలా తయారైందని ఫ్యాక్టరీలో అనేవాళ్ళు. ఆ రోజు చల్లనీళ్ళ వాల్వు తిప్పకముందే ఆవిరి వాల్వు తిప్పారని, అందుకే అది పేలిందని చెప్పుకునేవాళ్ళు. వినడానికి బాగానే ఉంటుంది. ఒకసారి రుద్రారంలో వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఆ మాట మెల్లగా ఆమె అత్త దగ్గర కదిపాను. ముసలామె పక్కున నవ్వింది. "గదేం లేదు బిడ్డా. పెండ్లయి అచ్చిన వారంల నా వంటిల్లంత కిందిమీద జేసింది. ఉప్పు ముందుండాలె, కారం ఎనకుండాలె అని. నా కొడుకు ఉన్నప్పుడు గూడ గిట్లనే ఉండె" అంది. మనుషులకు కారణాలు వెతకడం మానాలని నాకు అప్పుడే తెలిసుండాల్సింది.

ఆ రోజుల్లో మా ఫ్యాక్టరీకి ఒక సాఫ్ట్‌వేర్ వచ్చింది. కోడు రాయనక్కర్లేదని, తెర మీద గళ్ళు లాగి పెట్టుకుంటే చాలని, హైదరాబాదు నుంచి టై కట్టుకుని వచ్చిన ఒకతను చెప్పాడు. "మీకు చాలా ఈజీ మేడం, వంటింట్లో డబ్బాలు సర్దుకున్నట్టే" అన్నాడు ఆమెతో.

"మీ ఇంట్ల డబ్బాలు నువ్వే సర్దుతవా?" అంది ఆమె.

అలా అన్నా ఆమె ఆ పని తొందరగానే పట్టేసింది. సంగారెడ్డిలో సాయంత్రాలు కంప్యూటర్ క్లాసుకు వెళ్ళొచ్చిన మనిషి. హాజరు పట్టీలో ఒక వరస చేరగానే దాన్ని చూసుకుని ఇంకో పని దానంతటదే జరిగేలా ఆ సాఫ్ట్‌వేర్‌లో ఏర్పాటు చెయ్యవచ్చు. దాన్ని ట్రిగ్గర్ అంటారన్నాడు టై అతను. తుపాకీ మాట మన ఆఫీసులో ఎందుకని ఆమె దాన్ని కొక్కెం అంది. మా అందరికీ ఆ పేరే అలవాటైంది.

మా కొక్కేలు ఇలా ఉండేవి. ప్రతి ఉదయం గేటు దగ్గర గీసిన కార్డుల వివరాలు హాజరు పట్టీలోకి వాటంతటవే వచ్చి పడతాయి. పడగానే ఒక కొక్కెం ఓవర్‌టైం కడుతుంది. ఒకటి దవాఖాన చిట్టీలు చూసి, జబ్బుపడినవాళ్ళ గైర్హాజరును సెలవుగా మారుస్తుంది. ఇంకొకటి, చెప్పాపెట్టకుండా వారం దాటి రాని మనిషి పేరు తీసేసి, 'స్వయంగా మానేసినవారు' అనే పట్టీలో వేస్తుంది. పేరు అక్కడికి వెళ్ళిందంటే గేటు దగ్గర ఆ కార్డు పనిచెయ్యదు, ఎర్రలైటు వెలుగుతుంది. ఇదంతా పర్మనెంటు మనుషులకే. కాంట్రాక్టు వాళ్ళ లెక్కలు కాంట్రాక్టరు చూసుకునేవాడు. రాజీనామా ఇచ్చినవాళ్ళకూ రిటైరైనవాళ్ళకూ వేరే పట్టీలున్నాయి. పర్మనెంటు ఉద్యోగాన్ని చెప్పకుండా ఎవడు వదులుకుంటాడు గనక? ఆ మానేసినవాళ్ళ పట్టీ ఊరికే ఉండటమే గానీ అందులో ఒక్క పేరూ లేదు.

చిక్కంతా వరసలోనే ఉంది. చిట్టీ కొక్కెం ముందు నడిస్తే జబ్బుపడినవాడు సెలవులో ఉన్నట్టు. మానేసిన కొక్కెం ముందు నడిస్తే వాడి పేరే అక్కడ ఉండదు. తరువాత చిట్టీ కొక్కెం వచ్చి ఎంత వెతుక్కున్నా ఏం లాభం? ఆ మాయదారి సాఫ్ట్‌వేర్‌లో ముందు పెట్టిన కొక్కెం ముందు నడుస్తుంది, వెనక పెట్టింది వెనక. ఒకదాన్ని పైకి, ఒకదాన్ని కిందికి జరిపే వీలు లేదు. ఏ కొక్కెంలోనైనా చిన్న మార్పు చెయ్యాలంటే పాతది తీసేసి కొత్తది పెట్టాలి, అది వెళ్ళి అన్నిటికన్నా చివర కూర్చుంటుంది. వరస మార్చే సదుపాయం వచ్చే వెర్షన్‌లో ఇస్తామని టై అతను చెప్పాడు. ఆ వెర్షన్ రాలేదు, అతనూ రాలేదు.

అందుకని ఆమె ఒక పద్ధతి పెట్టుకుంది. ఏ చిన్న మార్పు వచ్చినా కొక్కేలన్నీ తీసేసేది. కొక్కేల పట్టీ ఖాళీ చేసుకుని మొదటి దాని నుంచి ఒక్కొక్కటే మళ్ళీ పెట్టుకుంటూ వచ్చేది. దానికి ఒక మధ్యాహ్నం మొత్తం పట్టేది. ఆ సేపు ఎవరు పిలిచినా పలికేది కాదు.

"మార్చినదాని తరువాతవి మాత్రం తీసి పెడితే సరిపోతుంది కదా అక్కా?" అన్నాను ఒకసారి.

"సరిపోతది. నా పానానికి సరిపోదు" అంది. తరువాత జాలిపడి చెప్పింది. "నడుమల ఇరికియ్యరాదు తమ్మీ. తీసినంక కిందికెళ్ళి మల్ల పేర్సుకుంట రావాలె."

పేర్చడం అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో తరువాత తెలిసింది. నా భార్య బతుకమ్మను దగ్గర్నుంచి చూడలేదంటే ఒక ఏడు మమ్మల్ని రుద్రారం పిలిచింది. వాకిట్లో కూర్చుని పేరుస్తోంది. వెదురు సిబ్బిలో ఆకులు పరిచి, ముందు తంగేడు, దాని మీద గునుగు, ఆ పైన బంతి, అలా వరస వరసగా మోకాలెత్తు లేచింది బతుకమ్మ. ఇక పైన గుమ్మడి పువ్వు పెట్టడమే తరువాయి. అంతలో వాళ్ళ అత్త, తడిబట్ట కింద ఉండిపోయిన తంగేడు పూలు ఒక ఒడినిండా తెచ్చింది. 'మరిచిపోయినం, పైన జెర పెట్టరాదు' అంది.

ఆమె గడియారాన్ని మోచేతి దాకా తోసింది. ఆ బతుకమ్మనంతా విప్పేసింది. వాకిలి నిండా పూలు. నా భార్య అయ్యయ్యో అంటున్నా వినలేదు. తంగేడు కింద పెట్టి మళ్ళీ మొదలుపెట్టింది. వీధిలో ఆడవాళ్ళు బయల్దేరి పాటలు ఎత్తుకున్నారు, ఈ ఇంటి బతుకమ్మ ఇంకా బంతి దాకా కూడా రాలేదు. చివరికి పేర్చడం అయ్యాక దాన్ని ఎత్తుకున్నది ఆమె కాదు, ఆడబిడ్డ. భర్త పోయినామె బతుకమ్మ ఎత్తుకోకూడదని ఆ ఇంటి ఆచారం. నా భార్యకు ఒళ్ళు మండింది. "ఇంతసేపు మీరు పేర్చి, ఎత్తుకునేది వాళ్ళా?" అంది.

"నేను పేర్సకుంటె వాళ్ళేమెత్తుకుంటరు?" అని చేతులకంటిన పసుపు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళింది ఆమె.

అలాంటి మనిషి చేసిన తప్పు గురించి చెప్పాలి.

ఇంకో ఏడు, పండగ చివరి రోజైన సద్దుల బతుకమ్మ నాడు ఆమె కూతురు మొదటిసారి బతుకమ్మ ఎత్తుకోబోతోంది. తను పేర్చింది తన కూతురే ఎత్తుకుంటుందని ఆమెకు ఎంత సంతోషమో. నెల నుంచీ అదే మాట. ఆ రోజు పొద్దున్నే దవాఖాన నుంచి కొత్త రకం చిట్టీలు వచ్చాయి. జబ్బు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నది రెండు గళ్ళలో రాస్తున్నారు. అంటే మా చిట్టీ కొక్కెం మార్చాలి. ఆమె పాతది తీసేసి కొత్తది పెట్టింది. అది వెళ్ళి చివర కూర్చుంది, మానేసిన కొక్కెం వెనక. ఇక అన్నీ తీసి పేర్చాలి. గోడ గడియారం చూసింది, చేతి గడియారం చూసింది. ఊళ్ళో పూలు ఎదురు చూస్తున్నాయి.

"ఇగ దసరా అయినంక వచ్చి అన్ని తీసి పేరుస్త. ఆఫీసు బందే ఉంటది గదా" అని తనలో తనే అనుకుని, సంచి తీసుకుని వెళ్ళిపోయింది. ఆమె పనిని సగంలో వదిలి లేవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆఫీసుకు పండగ గానీ ఫ్యాక్టరీకి పండగెక్కడిది? రియాక్టర్లు నడుస్తూనే ఉంటాయి. గేటు దగ్గర కార్డులు గీస్తూనే ఉంటారు. తెల్లవారగానే వివరాలు వచ్చి పట్టీలో పడుతూనే ఉంటాయి. అది ఆమెకు తెలియని సంగతి కాదు, అందరికన్నా ఆమెకే బాగా తెలుసు. కూతురి చేతిలో బతుకమ్మ తలుచుకుంటూ ఆ ఒక్క సంగతి మరిచిపోయింది.

పండగయ్యాక మేం వచ్చేసరికి కిటికీ దగ్గర యాదయ్య నిలబడి ఉన్నాడు. వెలిమెల మనిషి. కొంచెం పొలం ఉంది, అది చాలక ఫ్యాక్టరీలో చేరి, ఏళ్ళ తరబడి ఎదురుచూసి పర్మనెంటు అయినవాడు. పచ్చకామెర్లతో మంచానపడి, చిట్టీ పద్ధతిగా ఆమెకే పంపి, తగ్గిందని రాయించుకుని డ్యూటీకి వచ్చాడు. గేటు దగ్గర ఎర్రలైటు వెలిగింది. కళ్ళల్లో పసుపు ఇంకా పూర్తిగా పోలేదు.

"అక్కా, నేను మానేసిన్నని మీ మిషిను రాసుకున్నదంట" అన్నాడు. "నేను మానలే. నా చిట్టీ నువ్వే తీసుకుంటివి గదా. జెర సెప్పు వాళ్ళకు."

ఆమె తెర తెరిచి చూసింది. మానేసినవారి పట్టీలో ఒక్క వరస. ఆమె ముఖం చూసి నేను మంచినీళ్ళ గ్లాసు అందించాను. తాగలేదు. గడియారం మణికట్టు దగ్గరే వేలాడుతోంది, తొయ్యలేదు. "సెప్త యాదన్నా. నేను సెప్త" అంది.

పర్సనెల్ మేనేజరు దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. ఆయనది మా కోస్తానే, మా నాన్నకు తెలిసినాయనే. ఆ సంగతి చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

"తప్పు నాది సార్" అంది ఆమె, కూర్చోమన్నా కూర్చోకుండా. "కొక్కెం మార్చి, మల్ల పేర్సకుండ పండుగకు పోయిన. ఇగో యాదయ్య చిట్టీ, నాకు ముందుగాలే ఇచ్చిండు. ఆయన పేరు మల్ల ఎక్కియ్యున్రి. నా మీద ఏం రాసుకుంటరో రాసుకోన్రి."

"మీరు తప్పు చేశారని ఎవరన్నారమ్మా?" అన్నాడాయన, ఎంతో మెత్తగా. "మనుషులైతే పక్షపాతం చూపిస్తారు. కంప్యూటర్ చూపించదు కదా."

"కంప్యూటరుకేమెరుక సార్? నేను జెప్పిందే అది జేస్తది."

"అయితే మంచిగానే చెప్పారు" అన్నాడు.

అప్పుడు అర్థమైంది మాకు. పర్మనెంటు మనుషుల్ని ఒక్కొక్కరినీ వదిలించుకుని, బీహారు నుంచీ ఒరిస్సా నుంచీ వచ్చిన కాంట్రాక్టు కుర్రాళ్ళను పెట్టుకోవాలని యాజమాన్యం చూస్తున్న రోజులవి. ఎలా పంపాలా అని వాళ్ళు తల పట్టుకుంటుంటే మా ఆఫీసే దారి చూపింది. రోగి కోరిందీ పాలే, వైద్యుడు ఇచ్చిందీ పాలే. ఆ సాయంత్రానికల్లా కొక్కేలకు తాళం పడింది. పాస్‌వర్డ్ మేనేజరు దగ్గరికి వెళ్ళింది. వాటి వరస ఎలా ఉందో అలాగే ఉండాలని, ఎవరూ ముట్టుకోకూడదని ఆర్డరు వచ్చింది.

యాదయ్య యూనియన్‌కు వెళ్ళాడు, లేబరు ఆఫీసుకు తిరిగాడు. సాక్ష్యం చెప్పడానికి ఆమే వెళ్ళింది. తప్పు నేను చేశానని అక్కడా చెప్పింది. తప్పే జరగలేదని కంపెనీ వకీలు చెప్పాడు. తప్పు చేశానని ఒప్పుకునే మనిషిని ఎవరూ నమ్మకపోవడం నేను అక్కడే చూశాను. వాయిదాలు నడిచాయి, నడిచి ఎక్కడో ఆగిపోయాయి.

చాలా రోజులు యాదయ్య కిటికీ దగ్గరికి వచ్చేవాడు. తిట్టేవాడు కాదు. "ఏమన్న తెలిసిందా అక్కా?" అని అడిగి, లేదంటే తలూపి వెళ్ళిపోయేవాడు. అతను వెళ్ళాక ఆమె తెర వంక చూస్తూ కూర్చునేది. "ఒక్కతీరుగ తిడితె మంచిగుండు తమ్మీ. అక్కా అక్కా అంటడు" అంది ఒకసారి. తరువాత అతను రావడం మానేశాడు. వెలిమెలలో కొత్తగా వేస్తున్న ప్లాట్ల దగ్గర కాపలాకు కుదిరాడని విన్నాం. కంపెనీ పని మీద అటు వెళ్ళినప్పుడు నేనూ చూశాను. హద్దురాళ్ళ మధ్య ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "అక్క మంచిగున్నదా సార్?" అని అడిగాడు.

ఆమె బాగా లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారే, ఆమె ఆ ఆకుల్ని వదల్లేదు. కొక్కేలకు తాళం వేశారు గానీ హాజరు పట్టీలో చేత్తో రాసే వీలు మా దగ్గరే ఉంది. గేటు వివరాలు వచ్చి పడేలోపు, జబ్బుపడినవాడి పేరు పక్కన సెలవు అని చేత్తో ఎక్కిస్తే మానేసిన కొక్కెం వాణ్ణి ముట్టదు. చేతిలో చిట్టీ మాత్రం ఉండాలి, తనిఖీలో అడుగుతారు. అందుకని తెల్లవారుతూనే మొదటి బస్సుకు వచ్చేది. ఎవరికి జ్వరం, ఎవరికి కాలు విరిగింది, అంతా ముందుగా ఆమెకు తెలియాలి. బస్సు డ్రైవర్లకు చెప్పి పెట్టింది, క్యాంటీన్ వాళ్ళకు చెప్పి పెట్టింది. చిట్టీ పంపని బద్ధకస్తుల ఇళ్ళకు తనే వెళ్ళి, "సావనన్న సావు గానీ చిట్టీ ఇచ్చి సావు" అని తిట్టి తెచ్చేది. మిషను చెయ్యాల్సిన వరసను మనిషి చేస్తూ కూర్చుంది.

ఒక్క సెలవు పెట్టలేదు. ఆదివారాలు వచ్చింది, దసరాకు వచ్చింది. కూతురి పెళ్ళిరోజు పొద్దున పట్టుచీరలో ఆఫీసుకు వచ్చి, ఎవరిదో సెలవు ఎక్కించి, అదే బస్సులో వెనక్కి వెళ్ళింది. సద్దుల బతుకమ్మ నాడు కూడా అందరికన్నా ముందే కుర్చీలో ఉండేది. మళ్ళీ ఆమె బతుకమ్మ పేర్చలేదు. పిలవడానికి వచ్చిన ఆడబిడ్డతో, పేర్చేటోళ్ళు శానమంది ఉన్నరు పో అనేసింది. ఆ మాట చెబుతూ ఆడబిడ్డ మా ఆఫీసు గుమ్మంలోనే ఏడ్చింది.

"ఇంక చాలక్కా. ఎన్నాళ్ళు ఇలా? ఒక్కరోజు నేను చూస్తాను" అనేవాణ్ణి.

"నువ్వు మంచోడివే. కానీ నీకు పండుగొస్తది" అనేది.

చివరికి శరీరమే ఆమెను ఆపింది. కడుపులో గడ్డ అన్నారు. ఆపరేషన్ చేసి ఇంటికి పంపారు. పొద్దున్నే వచ్చి సెలవులు ఎక్కించే పని నాకు వచ్చింది. అందరివీ ఎక్కించాను. ఆమె చిట్టీ ఒక్కటే రాలేదు. కబురు చేశాను, రాలేదు. వారం నిండుతుండగా నేనే రుద్రారం వెళ్ళాను.

వసారాలో మంచం మీద పడుకుని ఉంది. పక్కన అత్త కూర్చుని విసురుతోంది. ఆమె చెయ్యి ఎంత సన్నబడిందంటే గడియారం తొయ్యకుండానే మోచేతి దగ్గరికి చేరింది.

"చిట్టీ ఇవ్వక్కా" అన్నాను. "రేపటితో గడువు దాటిపోతుంది."

"ఇయ్య."

"ఎందుకని?"

"ముందు యాదయ్యది ఎక్కియ్యి. ఎనక నాది ఇస్త."

"ఆయనది ఎలా ఎక్కించను? అది నా చేతుల్లో ఉందా?"

"లేదు. నాకెరికే."

"మరి?"

"మరేంది? చిట్టీ ఉండంగనే ఆయన పేరు పోయింది. నాది ఉన్నదని నేనెట్ల ఆగుత? ఆయన్ని దాటుకుని ముందట్ల నిలవడాల్నా?" ఆయాసం వచ్చి ఆగింది. "బస్సుల దిగేటోళ్ళు దిగకముందుకు ఎక్కొద్దని ఎంతమందిని తిట్టిన తమ్మీ."

నేను అత్త వంక చూశాను. ఆమె విసనకర్ర ఆపలేదు. "నేను జెప్పి సూసిన బిడ్డా. ఇనది" అంది.

చిట్టీ లేకపోయినా ఎక్కిస్తాను, తనిఖీలో అడిగితే నేనే చూసుకుంటానన్నాను. "నీ బిడ్డ మీద ఒట్టు" అంది. నన్ను ఆపడానికి ఆమెకు ఏ మాట వాడాలో తెలుసు. ఆ పిల్ల మీద ఒట్టు దాటే ధైర్యం నాకు లేదు. బతిమాలాను, కోప్పడ్డాను, ఆమె ముందు ఏడ్చాను కూడా. ఏళ్ళుగా నెలకు ఇంత అని వచ్చే జీతం, రావాల్సిన పెన్షన్, భర్త ప్రాణానికి బదులుగా ఇచ్చిన ఆ కుర్చీ, అన్నీ చెప్పాను. కళ్ళు మూసుకుని వింది. లేచి గుమ్మం దాటుతుంటే వెనక నుంచి పిలిచింది. మనసు మార్చుకుందనుకుని గబగబా వెనక్కి వెళ్ళాను.

"మెయింటెనెన్సు సత్తయ్యకు జెరమంట. చిట్టీ క్యాంటీన్ల ఇచ్చిపోయిండంట. పొద్దుగాల జల్దీ పొయ్యి ఎక్కియ్యి, మరువకు" అంది.

మర్నాడు మొదటి బస్సుకు వెళ్ళాను. క్యాంటీన్‌లో సత్తయ్య చిట్టీ తీసుకుని అతని పేరు పక్కన సెలవు ఎక్కించాను. ఆమె పేరు పక్కన గడి ఖాళీగా ఉంది. ఆ గడిలో పెట్టిన వేలు చాలాసేపు తియ్యలేదు. గేటు వివరాలు వచ్చి పడ్డాయి. ఓవర్‌టైం కొక్కెం నడిచింది, మానేసిన కొక్కెం నడిచింది, చిట్టీ కొక్కెం అన్నిటికన్నా వెనక నడిచి, వెతకడానికి ఎవరూ లేక ఆగింది.

మానేసినవారి పట్టీ తెరిచాను. యాదయ్య పేరు పడిన తరువాత దాన్ని నేనెప్పుడూ తెరవలేదు. ఇన్నేళ్ళలో ఎన్ని జ్వరాలు, ఎన్ని ఆపరేషన్లు, ఎన్ని విరిగిన కాళ్ళు. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఏ పట్టీలోనైనా ముందు చేరినవాళ్ళు పైన, తరువాత చేరినవాళ్ళు కింద. పైన యాదయ్య పేరు ఉంది. దాని కిందనే ఆమె పేరు ఉంది. నడుమ ఎవరూ లేరు.